దెయ్యం రాగానే నవ్వుతున్నారా? ముందు దాన్ని దాచేయండి

బ్రదర్, మేకప్‌కీ మ్యూజిక్‌కీ అంత ఖర్చు పెట్టి 8 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తే, దెయ్యం కనబడగానే ఫ్రెండ్స్ నవ్వేశారని రాశారు కదా. తప్పు మేకప్‌ది కాదు. రెండో నిమిషంలోనే దెయ్యాన్ని తలనుంచి పాదాల దాకా చూపించేస్తే ఇక భయపడటానికి ఏం మిగిలింది?

1975లో వచ్చిన షార్క్ సినిమా 'జాస్' షూటింగ్‌లో యంత్రపు షార్క్ ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. చేసేది లేక దర్శకుడు స్పీల్‌బర్గ్ షార్క్‌ని చాలావరకు దాచేసి, నీళ్లు, దాని వీపు రెక్క, దానికి తగిలించిన పసుపు పీపాలు, రెండు స్వరాల సంగీతంతో నెట్టుకొచ్చాడు. జనం హడలిపోయారు.

మీ వంటగది సీనే తీసుకోండి. అమ్మాయి పాలు కాస్తోంది. కెమెరా కదపొద్దు. ఆమె వెనక చీకటి గది తలుపు ఓరగా ఉంచి, సగం ఫ్రేము దానికే వదిలేయండి. మ్యూజిక్ వద్దు, ఫ్రిజ్ మోత చాలు. ఓ పదిహేను సెకన్లయ్యాక ఆ మోత కూడా ఠక్కున ఆగాలి. తలుపు ఇంకో జానెడు తెరుచుకుంటుంది. ఆమె చూడదు, మనం చూస్తాం. పాలు పొంగుతాయి. అప్పుడు కట్ చేయండి.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు లెక్క ఇదే. అక్కడ కూర్చున్నవాళ్లకు తెలియదు, చూసేవాడికి తెలుసు. టెన్షన్ అంతా అందులోనే ఉంది.

ఇక మీ ఫిల్మ్‌లో ఆ ఢామ్మనే సౌండ్ ఐదుసార్లు ఎందుకండీ? ఒక్కటి ఉంచండి. ఉలికిపాటు వేరు, భయం వేరు.

కొత్త ఎడిట్ పెట్టండి, చూస్తాను. రాత్రిపూట మాత్రం కాదు.