జర్మనీ బ్యాలెట్‌లో రెండో ఓటే అసలు ఓటు

మ్యూనిక్‌లో ఉంటున్నానని, పౌరసత్వం వచ్చాక నమూనా బ్యాలెట్ చూస్తే రెండు ఓట్లు కనిపించాయని, జర్మనీలోని పెద్ద పార్టీల్లో ఒకటైన సీడీయూ పేరే లేదని రాశారు కదండీ. ముందుగా అభినందనలు!

సీడీయూ లేకపోవడం పొరపాటు కాదు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఆ పార్టీ పోటీ చేయదు, దాని సోదర పార్టీ సీఎస్‌యూ నిలబడుతుంది. సీఎస్‌యూ కూడా బవేరియా దాటదు. పార్లమెంటు దిగువ సభ బుండెస్టాగ్‌లో మాత్రం రెండూ ఒకే జట్టు.

ఇక ఎడమవైపున్న మొదటి ఓటు నియోజకవర్గ అభ్యర్థికి, మన దగ్గర ఎంపీకి వేసినట్టే. కుడివైపుది పార్టీ ఇచ్చే అభ్యర్థుల జాబితాకు. ‘మొదటి’ అన్న పేరు చూసి అదే ముఖ్యమనుకోకండి. 630 సీట్లలో ఏ పార్టీకి ఎన్నో తేల్చేది రెండో ఓటే. 2023 ఎన్నికల చట్ట సవరణ తర్వాతైతే నియోజకవర్గంలో ముందు నిలిచినా, పార్టీకి సరిపడా రెండో ఓట్లు రాకపోతే సీటు దక్కదు. 2025లో 23 మందికి అలాగే జరిగింది. ఓటర్లు ఎంచుకున్న మనిషి సభకు వెళ్లలేకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

పార్టీకి సభలో చోటు దక్కాలంటే రెండో ఓట్లలో 5 శాతం రావాలి, లేదా మూడు నియోజకవర్గాల్లోనైనా ముందుండాలి. 2025లో ఎఫ్‌డీపీ అనే పార్టీ 4.3 శాతంతో బయటే ఉండిపోయింది.

రెండు ఓట్లూ వేర్వేరు పార్టీలకు నిశ్చింతగా వేయొచ్చు, చెల్లుతాయి. బవేరియా రాష్ట్ర ఎన్నికలు మాత్రం వేరు. అవి 2023లో జరిగాయి, అక్కడ రెండు ఓట్లనూ కలిపి లెక్కిస్తారు.