లేవగానే తలలో పాట.. ఇది జబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాకు 51 ఏళ్లు. మూడు నెలలుగా తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ రావడంతోనే తలలో పాట మొదలవుతోంది. పాటంతా కాదు, పల్లవిలో ఒక ముక్క. వాకిలి ఊడ్చి, పాలు కాచి, కాఫీ పెట్టేదాకా అదే ముక్క తిరుగుతూ ఉంటుంది. మా అమ్మాయి కువైట్ వెళ్లిన దగ్గర్నుంచి రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాను. మాటల్లేని సంగీతం వింటే మంచిదని ఎవరో చెబితే నెల రోజులుగా పడుకునే ముందు వేణువు పెట్టుకుంటున్నాను. తగ్గకపోగా ఎక్కువైంది. బీపీ మాత్ర తప్ప వేరే మందులేవీ వాడను. మెదడులో ఏమైనా తేడా ఉందా? స్కానింగ్ తీయించుకోవాలా? మా అత్తగారికి 79 ఏళ్లు. ఆవిడ కూడా అర్ధరాత్రి లేచి ‘గుళ్లో మైకు ఎవరు పెట్టారే?’ అని అడుగుతున్నారు. ఆ వేళప్పుడు ఏ మైకూ ఉండదు. మా ఇంటికేదో పట్టిందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, మీరు రాసిన దాన్నిబట్టి మీకు స్కానింగ్ అవసరం కనిపించడం లేదు. నన్ను ఆలోచింపజేసింది చివర్లో మీ అత్తగారి గురించి రాసిన రెండు ముక్కలు. ఇద్దరిదీ ఒకటే సమస్య అనుకుంటున్నారు. కాదు. మీకు పాట తలలో తిరుగుతోంది. ఆవిడకు పాట బయటి నుంచి వినిపిస్తోంది.

ముందు మీ సంగతి. ఇలా తలలో ఇరుక్కుపోయే పాటను జర్మన్లు ‘చెవి పురుగు’ అంటారు. అది జబ్బు కాదు. ఫిన్లాండ్‌లో ఇంటర్నెట్ వాడే 12 వేల మందికి పైగా జనాన్ని అడిగితే, పది మందిలో దాదాపు తొమ్మిది మంది వారానికి ఒక్కసారైనా ఇలా అవుతుందని చెప్పారు. ఈమధ్య విన్న పాట, పదే పదే విన్న పాట ఎక్కువగా ఇలా పట్టుకుంటుంది. రీల్స్‌లో జరిగేది సరిగ్గా అదే. వేలితో పైకి తోసినప్పుడల్లా అదే పాటలోని అదే ముక్క, వేరే మనిషి, వేరే డ్యాన్సు. గంటసేపు చూస్తే ఒకే ముక్కను ఎన్నిసార్లు వింటారో ఒక రాత్రి లెక్కపెట్టి చూడండి.

మరి లేవగానే ఎందుకు? తెల్లవారుజాము నిద్రలో కలలొచ్చే నిద్ర ఎక్కువ. మెలకువ వచ్చినా మెదడు అంతా ఒక్కసారే లేవదు. మనసును ఒక పని మీద నిలబెట్టే భాగం తేరుకోవడానికి కొందరికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంటలో మీరు చేసే పనులు చూడండి. వాకిలి ఊడ్చడం, పాలు కాచడం. ఏళ్ల తరబడి చేతికి అలవాటైపోయిన పనులు, మనసుతో నిమిత్తం లేదు. పైగా చీపురు ఊపులో ఒక లయ ఉంటుంది, పాట ఆ లయను పట్టుకుంటుంది. రేపు ఊడుస్తున్నప్పుడు ఒక్క నిమిషం చీపురు ఆపి, పక్కింటివాళ్లను పలకరించండి. కొందరికి పాట అక్కడే తెగిపోతుంది.

వేణువు సంగతి మీకు చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ 2021లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే విషయం పరీక్షించారు. పడుకునే ముందు కొందరికి మామూలు పాటలు, మరికొందరికి అవే పాటలు మాటల్లేకుండా వాద్యం మీద వినిపించారు. మాటల్లేనివి విన్నవాళ్లకే పాట ఎక్కువగా పట్టుకుంది, నిద్ర కూడా ఎక్కువగా చెడింది. మనం నిద్రపోతున్నా మెదడు ఆ పాటను తిప్పుతూనే ఉంటుందని వాళ్లు నిద్ర తరంగాలను చూసి చెప్పారు. వేణువు మీద వచ్చేది మీకు తెలిసిన పాటే అయితే, లేని మాటలను మీ మనసే అందుకుంటూ ఉంటుందని నా ఉద్దేశం. అందుకే పది రోజులపాటు పడుకోవడానికి గంట ముందు నుంచి వేణువూ వద్దు, రీల్సూ వద్దు. అమ్మాయితో మాట్లాడాలంటే ఆ గంటకు ముందే మాట్లాడి, ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. ఫోన్‌లో అలారం పాట పెట్టుకుని ఉంటే అదీ తీసేసి, మామూలు గంట పెట్టుకోండి.

పొద్దున పాట వచ్చినప్పుడు దాన్ని తరిమేయాలని పట్టుబట్టకండి. వద్దనుకున్న కొద్దీ మళ్లీ వస్తుంది. ఆ పాట మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పూర్తిగా పాడేస్తే కొందరికి వదిలిపోతుంది. పేపర్లో వార్త పైకి చదవడం, మరీ తేలికా మరీ కష్టమూ కాని పదకేళి నింపడం కూడా పనిచేస్తాయి. చూయింగ్ గమ్ నమిలితే పాట తగ్గుతుందని 2015లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. మనకు తెలియకుండానే లోపల ఆ పాటను పాడుతూ ఉంటాం, నోటికి వేరే పని పడితే ఆ పాడటం సాగదు. మన వైపు నమలడం అనగానే వక్క గుర్తొస్తుంది. వక్క మాత్రం వద్దమ్మా, పొగాకు కలపకపోయినా అది నోటి క్యాన్సర్ తెస్తుంది. కాస్త సోంపు చాలు.

పాట కంటే నేను గట్టిగా అడగాల్సింది మీ నిద్ర గురించి. నాలుగున్నరకు లేవడం మీకు ముందు నుంచీ అలవాటే అయితే సరే. అలా కాకుండా అమ్మాయి వెళ్లాకే ఆ వేళకు మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఊరికే కళ్లలో నీళ్లు తిరగడం ఉండి, ఇవి రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి వైద్యం ఉంది, డాక్టర్‌ను కలవడానికి మొహమాటపడకండి. మీ వయసులో నెలసరి ఆగే సమయంలో రాత్రిళ్లు ఒళ్లు సెగలెత్తి, చెమటలు పట్టి కూడా నిద్ర చెడుతుంది. అది ఉంటే అదీ చెప్పండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇక మీ అత్తగారు. ఆవిడకు చెవులు ఎలా వినిపిస్తున్నాయో మీరు రాయలేదు. టీవీ సౌండ్ పెంచమంటున్నారా? పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదా? పెద్ద వయసులో చెవుడు వచ్చినవాళ్లలో కొందరికి, లేని పాటలు ఉన్నట్టే వినిపిస్తాయి. గుడి మైకు, భజన, పెళ్లి మేళం.. చిన్నప్పటి నుంచి విన్నవే. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, రైసు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, తలకు తువ్వాలు బిగించి చెవులు మూసుకుని వచ్చారు. ఎవరో ఇంటి వెనక పాటలు పెడుతున్నారని పక్కింటివాళ్లతో గొడవ కూడా పడ్డారు. చెవులు మూసినా పాట తగ్గడం లేదని ఆయనే చెప్పారు, కానీ అది లోపలి నుంచి వస్తోందని మాత్రం నమ్మలేకపోయారు.

ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు ఊళ్లో ఏం చేస్తాం? ముందే చెరువులో నింపుకున్న నీళ్లు వాడుకుంటాం. చెవి నుంచి రావలసిన శబ్దం ఆగిపోయినప్పుడు మెదడు కూడా దాచుకున్న పాటల్లోంచి తీసుకుంటుంది. రాత్రి చుట్టూ నిశ్శబ్దం కాబట్టి అప్పుడే ఎక్కువ. ఇది పిచ్చి కాదు, పీడా కాదు. ఆవిడను తాయెత్తులకీ భూతవైద్యులకీ తిప్పకండి. చెవిలో కొబ్బరినూనె కాచి పోయడం అసలే వద్దు.

అమలాపురంలోనో, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లోనో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. గుబిలి గట్టిపడి ఉంటే తీస్తారు, వినికిడి పరీక్ష చేస్తారు. వినికిడి యంత్రం పెట్టాక చాలామందికి పాటలు తగ్గుతాయి. ఆవిడ వాడే మాత్రలన్నీ, ఆస్పిరిన్ లాంటివి కూడా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. కొన్ని మందులతో కూడా చెవుల్లో లేని శబ్దాలు వస్తాయి. పాటతోపాటు కాసేపు చూపు నిలిచిపోయి పలకకపోవడం, లేని కాలిన వాసన రావడం, మూతి ఒకవైపు పదే పదే అదరడం ఉంటే ఫిట్స్ అనుమానించాలి. ఇల్లు, మనుషులు గుర్తుపట్టలేకపోయినా, ఎవరో తిడుతున్నట్టు, ఆజ్ఞాపిస్తున్నట్టు మాటలు వినిపించినా ఆలస్యం చేయకండి. మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక కాలో చెయ్యో పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.

ఈలోగా రాత్రిపూట ఆవిడ గదిలో రేడియో చిన్న సౌండులో ఉంచండి. మరీ నిశ్శబ్దం లేకపోతే ఆ పాట జోరు తగ్గుతుంది. ఈ రాత్రి ఆవిడ ‘మైకు ఎవరు పెట్టారే?’ అంటే, ‘ఏ మైకూ లేదు, పడుకోండి’ అనేయకండి. పక్కన కూర్చుని, ఏ పాట వినిపిస్తోందో, ఏ చెవి వైపు వినిపిస్తోందో అడిగి రాసుకోండి. ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి.