చేతి చిన్న గాయాలకు ‘అన్‌స్పెసిఫైడ్’ కోడ్ వేస్తే నష్టమేమిటి?

డాక్టరు ‘చేతికి గాయం, కుట్లు వేశాం’ అని మాత్రమే రాసినప్పుడు అన్‌స్పెసిఫైడ్ (వివరం చెప్పని) కోడ్ వేసి చార్టు (రోగి వైద్య రికార్డు) ముగించవచ్చు కదా అని, కొత్తగా మెడికల్ కోడింగ్‌లో, అంటే రికార్డులోని జబ్బునూ చికిత్సనూ బిల్లింగు కోడ్‌లుగా మార్చే పనిలో చేరిన ఒకరు అడిగారు.

ముగించకూడదు. హైదరాబాద్‌లో ఉండి అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ చార్టులను తొమ్మిదేళ్లుగా కోడ్ చేస్తున్నాను. గుండెపోటు చార్టుల కన్నా తెగిన వేళ్ల చార్టుల్లోనే ఎక్కువ తప్పులు చూశాను, ఎందుకంటే చిన్న గాయమే కదా అని రాసేవారూ చదివేవారూ తొందరపడతారు.

రెండేళ్ల క్రితం గిన్నెలు తోముతుండగా గాజు గ్లాసు పగిలి చెయ్యి తెగిన ఒక మహిళ చార్టు నాకు వచ్చింది. నర్సు నోట్‌లో ఎడమ చెయ్యి అని, డాక్టరు నోట్‌లో కుడి చెయ్యి అని ఉంది. ఏ వేలు తెగిందో, గాయం ఎన్ని సెంటీమీటర్లో ఎక్కడా లేదు. ఆరు కుట్లు వేసినట్టు మాత్రం శ్రద్ధగా రాశారు. అయితే కోడ్‌ను నిర్ణయించేది గాయం పొడవు, లోతు, చోటు తప్ప కుట్ల సంఖ్య కాదు. ఆ రోజు టార్గెట్ పూర్తి కాలేదని, ఎస్61.419ఏ (ఏ చెయ్యో చెప్పని గాయం కోడ్), 12001 (2.5 సెంటీమీటర్ల వరకు ఉన్న గాయానికి వేసిన కుట్ల కోడ్) వేసి పంపేయమని టీమ్ లీడ్ అన్నారు. నేను ఒప్పుకోక డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాను.

మూడు రోజులకు జవాబు వచ్చింది. కుడి చూపుడు వేలిపై 1.8 సెంటీమీటర్లు, గోరు కూడా దెబ్బతింది; కుడి మధ్య వేలిపై 1.4 సెంటీమీటర్లు, గోరు బాగానే ఉంది. రెండింటిలోనూ గాజు ముక్కలు లేవు, రెండూ సింపుల్ రిపేర్లే (పైపై గాయానికి వేసే కుట్లు). అప్పుడు ఒక వేలికి ఎస్61.310ఏ, రెండో వేలికి ఎస్61.212ఏ వచ్చాయి. ఒకే రకం రిపేర్లు, ఒకే శరీర భాగాల వర్గం కనుక పొడవులు కలపాలి, మొత్తం 3.2 సెంటీమీటర్లు, అంటే 2.5 దాటింది కనుక 12001 కాదు, 12002. ఆమె ఏ చేతికి, ఏ వేలికి వైద్యం చేయించుకుందో ఆమె రికార్డులో సరిగా నిలిచింది, ఆసుపత్రికి రావలసిన డబ్బు కూడా సరిగా వచ్చింది.

శిక్షణ సంస్థలు మూడు నెలల్లో వందల కోడ్‌లను బట్టీ పట్టిస్తున్నాయే కానీ, నోట్‌లో లేనిదాన్ని ఊహించకూడదని, డాక్టరును అడగాలని గట్టిగా నేర్పడం లేదు. గాయం కోడ్ చివర వచ్చే ఏడో అక్షరం ‘ఏ’ అంటే మొదటిసారి రావడమని చెబుతున్నారు. నిజానికి అది గాయానికి చురుగ్గా చికిత్స సాగుతున్న దశను తెలుపుతుంది. కుట్లు తీయడానికి జెడ్48.02 వేయమనడం ఇంకో పొరపాటు, ఎందుకంటే ఆ ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) కోడ్‌లు గాయాలకు వర్తించవు. ఆ మహిళ కుట్లు తీయించుకోవడానికి వచ్చినప్పటి చార్టు కూడా నా దగ్గరికే వచ్చింది. అవే రెండు గాయం కోడ్‌లు వేసి, చివరి అక్షరం మాత్రం కోలుకునే దశను తెలిపే ‘డీ’గా మార్చాను.