పట్టు పీఠానికే, బొమ్మకు కాదు

అమ్మాయ్,

రంగులేసిన చిన్న బొమ్మల్ని కొరియర్‌లో పంపాలంటున్నావు కదా, ముందు ఆ బబుల్ రేపర్ పక్కన పెట్టు. దానికీ పనుంది గానీ, బొమ్మ మీద కాదు. నేరుగా చుడితే ఒత్తిడంతా ఈటె మొన మీదో, చాచిన వేళ్ల మీదో పడుతుంది. రంగు పూర్తిగా గట్టిపడకపోతే బుడగల అచ్చులూ దిగుతాయి. దూది అసలొద్దు. పోగులు మొనలకు చిక్కుకుంటే, లాగేటప్పుడు ఆ మొనే ఊడొస్తుంది.

వార్నిష్ వేశాక కనీసం 2 రోజులు ఆరనివ్వు. ఎనామెల్, ఆయిల్ రంగులకు ఇంకా చాలా ఎక్కువ కావాలి. వేలికి అంటకపోతే చాలదు, వాసన కూడా పోవాలి.

ఇక అసలు పని. గట్టి ప్లాస్టిక్ డబ్బా తీసుకో. బొమ్మ నిలబడే పీఠం డబ్బా అడుగుకు ఆనాలి, బొమ్మకు చుట్టూ, పైనా 2 సెం.మీ. ఖాళీ ఉండాలి. అడుగున పీఠానికి అటూ ఇటూ రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ తొడుగున్న సన్న తీగను కాళ్లకు తగలకుండా పీఠం మీదుగా పోనిచ్చి, కింద మెలిపెట్టు. పీఠం కింద అంటించిన అయస్కాంతం ఇనుప రేకును బాగానే పట్టుకుంటుంది గానీ, పక్కనుంచి దెబ్బ తగిలితే ఇట్టే జారుతుంది. అదొక్కటే నమ్ముకోకు. రెండువైపులా అంటుకునే టేపు ఎండకు మెత్తబడుతుంది.

లోహపు బొమ్మకు వేరే డబ్బా పెట్టు. అది ఊడిందంటే పక్కవాటికి సుత్తే. సూపర్ గ్లూ అతుకు పెళుసు, కుదుపుకి విడిపోతుంది. రెక్కలూ ఆయుధాలూ ఊడదీయగలిగితే టిష్యూలో చుట్టి పాలిథిన్ కవర్లో వేరుగా పంపు. మెత్తటి వినైల్ కవరైతే రంగుకు అతుక్కుంటుంది.

మూత పెట్టి, తలకిందులు చేసి చెవి దగ్గర ఆడించు. చిన్న టిక్కుమన్న చప్పుడొచ్చినా విప్పాల్సిందే.

బబుల్ రేపర్ వంతు ఇప్పుడు: డబ్బాకు రెండు చుట్లు. బయటి అట్టపెట్టెలో ఆరు వైపులా 5 సెం.మీ. నలిపిన కాగితం కూరు, మూత కాస్త నొక్కితేనే మూసుకునేంత. థర్మోకోల్ గుళికలైతే బరువైన డబ్బా వాటిలోంచి మెల్లగా అడుక్కి దిగిపోతుంది. నడిమి అతుకుకూ, రెండంచులకూ వెడల్పాటి టేపు వెయ్యి. ‘ఫ్రాజైల్’ అని అంటిస్తే అంటించు, పెట్టెల్ని తోసే బెల్టుకు చదువు రాదు.

లోపలి మూత మీద చీటీ పెట్టు: ‘ముందు కింది తీగ విప్పండి, తర్వాత పీఠం పట్టుకుని తీయండి.’ తీగ ఎక్కడుందో ఫోటో కూడా ముందే పంపించు.