అమ్మలూ, ముందు ఆ బండికి దారం పట్టి చూద్దాం

అమ్మలూ,

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది, ఆ టైముకి ఎప్పుడూ చెయ్యదు కదా, ఎవరికి ఏటయిందో అని గుండె గుభేల్మంది. తీరా చూస్తే నువ్వు బండి కొంటున్నావట, స్కూటీ కాదట, ముందుకి వంగి నడిపేదట, యమహా ఆర్15 అట, సెకండ్ హ్యాండ్ అట. "నువ్వే చెప్పు అన్నయ్యా, నీ మాటయితే వింటాది" అంది. సరే చెప్తాన్లే అని ఫోన్ పెట్టీసాను గానీ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకటి భయం. రెండోది, ఉన్నమాట చెప్తున్నాను, గర్వం. అయోధ్యా మైదానంలో నా స్ప్లెండర్ మీద క్లచ్ వదలడం రాక పదిసార్లు బండి ఆపీసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న గుంటవి, ఇప్పుడు సొంత జీతంతో స్పోర్ట్స్ బండి కొంటానంటున్నావు.

వద్దని నేను చెప్పను. మీ అమ్మకీ అదే చెప్పాను. కానీ ఫొటోలు చూసి మనసు పారీసుకుని, బండి ముట్టుకోకుండానే అడ్వాన్సు పంపడానికి రెడీ అయిపోయావట, అది మాత్రం తప్పే. ఒక్క రూపాయి పంపకు. ముప్పై ఏళ్ళుగా డిపో గ్యారేజీలో చేతులు నల్లబడిన మావయ్య ఒకడున్నాడు కదా, ముందు నాకొక ఫోన్ కొట్టాలని ఎందుకు అనిపించలేదే నీకు? సర్లే. అడగకపోయినా చెప్పాల్సింది చెప్తాను, ఓపిగ్గా చదువు.

బండి ఎంపిక వరకూ నువ్వు అనుకున్నది బాగానే ఉంది. కేటీఎం ఆర్‌సీ 390 కూడా చూస్తున్నావని మీ అమ్మ అంది, దాని జోలికి ఇప్పుడు పోకు, 373 సీసీ, ఊళ్ళో ట్రాఫిక్‌లో కాళ్ళకి సెగ కొడతాది, ఏదైనా పార్టు పోతే నీ జీతం చాలదు. ఆర్15లో మూడో మోడల్, అంటే 155 సీసీ వీ3, అందులోనూ 2019 తర్వాతది చూసుకో, ఎందుకంటే అప్పట్నుంచి దానికి ముందూ వెనకా రెండు చక్రాలకీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది, ఉంటాది, అంతకు ముందువాటికి లేదు. ధర కాస్త తక్కువనో, రంగు బాగుందనో ఏబీఎస్ లేనిది మాత్రం తీసుకోకు. తాళం తిప్పగానే మీటర్లో ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. అసలు వెలక్కపోతే బాగుందని కాదు, ఎవడో లైటు పీకీసి లోపం దాచాడని.

కాగితాల సంగతి నీకు తెలుసు, చదువుకున్నదానివి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, హ్యాండిల్ కింద ఫ్రేము మీద కొట్టిన నంబరు ఒకటేనో కాదో నీ కళ్ళతో చూడు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరుంటే వాళ్ళ ఎన్‌ఓసీ, ఫారం 35, అంటే అప్పు తీరిపోయిందన్న కాగితాలు, చేతికొచ్చాకే డబ్బులు. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకం పెట్టించుకుని బీరువాలో పడీకుండా వెంటనే పేరు మార్పించుకో, ఇన్సూరెన్సు కూడా పధ్నాలుగు రోజుల్లోపు నీ పేరు మీదకి రావాలి. చలానాలు ఎన్నున్నాయో ముందే ఫోన్లో చూడు. ఇదివరకు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే మన విజయనగరం అని బోర్డు చూసే తెలిసేది, 2019 నుంచి అందరికీ ఏపీ 39 వచ్చీసింది కాబట్టి ఏ ఊరి బండో నంబరు చెప్పదు, ఆర్‌సీ అడగాల్సిందే. ఇచ్ఛాపురం అవతలనుంచి ఒడిశా బళ్ళు తక్కువకి వస్తాయి, అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు లెక్కేస్తే ఆ తక్కువ కాస్తా ఎగిరిపోద్ది. నీ లైసెన్సు స్కూటీకి తీసుకున్నది కదా, గేర్ల బండికి మళ్ళీ వేయించాలి, మర్చిపోకు.

ఇక అసలు సంగతి. దీనికోసమే కూర్చుని రాస్తున్నాను.

మీ అమ్మ ఎడమ మోకాలి మీద మచ్చ చూసుంటావు. చిన్నప్పుడు అడిగితే గట్టు మీద జారిపడ్డానే అని చెప్పేది, నేనూ పక్కనే కూర్చుని విన్నాను, నోరు మెదపలేదు. గట్టు కాదు అమ్మలూ. నా బండి.

1996. ఆర్ఎక్స్ 100 కొత్తవి రావడం ఆగిపోయిన ఏడాది అది, అందుకే పాతవాటికి గిరాకీ ఎక్కువుండేది. నేను గ్యారేజీలో అప్రెంటిస్‌గా చేరి ఏడాది, ఇంజన్ చప్పుడు వింటే రోగం చెప్పీగలనని పొగరు. విజయనగరంలో ఒకాయన దగ్గర బండి ఉందని తెలిసి డ్యూటీ దిగి సాయంత్రం ఒక్కణ్ణే వెళ్ళాను, జేబులో పద్దెనిమిది వేలు, అందులో సగం మీ తాతయ్య నువ్వులు అమ్మిన డబ్బు. వెళ్ళేసరికి చీకటి పడింది, కరెంటు లేదు, ఆయన టార్చిలైటు పట్టుకుని చూపించాడు. ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. ఒక్క కిక్కుకి అందుకుంది, ఆ చప్పుడు విన్నాక నాకింకేం కనబడలేదు. ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది, నేనొచ్చేముందే తిప్పి ఉంచాడన్న ఆలోచన కూడా రాలేదు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను, హ్యాండిల్ కొంచెం ఎడంవైపుకి లాగినట్టు అనిపించింది. అడిగాను కూడా. "కోన్ సెట్ బిగిస్తే సరిపోద్ది, రేపు పొద్దున్న ఇంకొకరు వస్తామన్నారు" అన్నాడు. కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు. ఆ ఇంకొకరి మాటకే డబ్బులు లెక్కపెట్టి ఇచ్చీసాను.

నెలరోజులు రాజాలా తిరిగాను. ఎడంవైపు లాగడానికి నా చెయ్యి అలవాటుపడిపోయింది, అదే పెద్ద ప్రమాదం, బండి లోపానికి చెయ్యి సర్దుకుపోతే ఆ లోపం ఇక మనిషికి తెలీదు. మార్గశిరంలో మీ అమ్మకి సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళి. బట్టలు కొనడానికి రాజాం తీసుకెళ్తానని నేనే వెనక ఎక్కించుకున్నాను, అమ్మమ్మ బస్సులో వెళ్ళండ్రా అంటే వినలేదు. చీపురుపల్లి దాటాక, ఆ రోజుల్లో తెలుసు కదా, చోడి, అదే రాగి, కోతలయ్యాక వెన్నులు రోడ్డు మీద పరిచీసేవారు, బస్సులూ లారీలూ తొక్కితే గింజ రాలుతాదని. సగం రోడ్డు చోళ్ళే. ఎదురుగా బస్సొచ్చింది, నేను ఎడమకి తప్పుకుని చోళ్ళ మీదకి ఎక్కి ముందు బ్రేకు పట్టాను, అంతే, హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంది, మామూలు బండయితే పట్టు దొరికేదేమో, అది మాత్రం ఎడమకి మడతపడిపోయింది. నాకు అరచేతులు గీరుకున్నాయి. మీ అమ్మ కాలు బండి కింద ఉంది. లంగా రక్తంతో తడిసిపోయింది, అది ఏడవలేదు, "అన్నయ్యా, పెళ్ళివాళ్ళకి తెలీకూడదురా" అంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఏడు కుట్లు. పెళ్ళిలో పీటల మీద మఠం వేసుకుని కూర్చోలేక కాలు పక్కకి పెట్టుకుని చీర కప్పుకుంది, అందరూ సిగ్గనుకున్నారు.

బండి గ్యారేజీకి తెచ్చాక మా పెద్ద మేస్త్రీ ఒక్క మాట అనలేదు. గోడ కట్టే మేస్త్రీలు లాగే దారం తెప్పించి, వెనక చక్రానికి వెనకనుంచి చుట్టి రెండుపక్కలా ముందుకి లాగి పట్టుకోమన్నాడు. ఒకపక్క దారం ముందు టైరుకి ఆనుకుపోయింది, రెండోపక్క నా వేలు దూరేంత సందు. తర్వాత హ్యాండిల్ పూర్తిగా తిప్పితే వచ్చి ఆనుకునే ముక్క ఉంటాది చూడు, ఫ్రేముకి, స్టాపర్ అంటాం, దానిమీద పెయింటు చాకుతో గీకాడు. లోపల వెల్డింగ్ బొడిపె. ఆ బండి ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దింది, స్టాపర్ విరిగితే అతికించి, ఫ్రేము వంకర అలాగే వదిలేసి, ట్యాంకు మాత్రం మెరిపించారు. గీకడానికి రెండు నిమిషాలు పట్టింది, పగటిపూట అయితే నాకూ కనబడేది.

అందుకే చెప్తున్నాను. ఇంజన్ గురించి వందమంది చెప్తారు, నీలంపొగ వస్తే ఆయిల్ తాగుతోందని, తెల్లపొగ ఆగకుండా వస్తే కూలంట్ లోపలికి పోతోందని, వీ3కి 7400 ఆర్‌పీఎం దాటాక వీవీఏ, అంటే వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునే ఏర్పాటు, అందుకుంటే ఊపు మారాలని, అవన్నీ సరే, ఇంజన్ పాడైతే డబ్బుతో బాగవుతాది. నేను ముందు చూసేది ముందు చక్రం, హ్యాండిల్, ఫ్రేము. పొద్దున్న వెళ్దాం, ఎండ పడుతుండగా, ఇంజన్ చల్లగా ఉండగా, చేత్తో ముట్టుకుని చూసి అప్పుడు స్టార్ట్ చేయిద్దాం. స్టాపర్ రెండుపక్కలా చూద్దాం, అక్కడ పెయింటు మిగతా ఫ్రేము కంటే కొత్తగా ఉంటే అక్కడితో ఆపీసి దండం పెట్టి వచ్చీడమే. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడైనా టక్కుమని పట్టినట్టుంటే కోన్ సెట్ పోయినట్టు, అది మార్చుకోవచ్చు, అదొక్కటే అయితే భయం లేదు. తర్వాత దారం. వెనక చక్రం చైన్ అడ్జస్టర్ గీతలు రెండుపక్కలా ఒకే చోట ఉన్నాయో లేదో ముందు సరిచూసుకోవాలి, లేదంటే దారం అబద్ధం చెప్తాది. ఆర్15కి వెనక టైరు 140, ముందు టైరు 100, కాబట్టి ముందు టైరుకి అటు సుమారు 20, ఇటు సుమారు 20 మిల్లీమీటర్లు సందు రావాలి, రెండుపక్కలా సమానం. ఒకడు బండి నిటారుగా పట్టుకోవాలి, నువ్వు పట్టుకో, నేను చూస్తాను. ఇదంతా చూసి బండి అమ్మే ఆ కుర్రాడు చిరాకుపడితే పడనీ.

ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టాల మీద వేలితో రాయి, జిడ్డు అంటితే ఆయిల్ సీల్ పోయింది. బ్రేకు లివర్ల చివర, హ్యాండిల్ చివర, సైలెన్సర్ పక్కన గీతలు చూడు, ఆగి ఉన్నప్పుడు పక్కకి ఒరిగితే చిన్న గీతలు, రోడ్డు మీద జారితే ఒకే వైపుకి పొడుగ్గా ఉంటాయి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ, అయిదేళ్ళు దాటిన టైరు గట్లు ఎంత బాగున్నా మార్పించు. విజయవాడలో 2024 వరదకి ఎన్ని బళ్ళు మునిగాయో చూశాం కదా, అందుకే సీటు తీసి వైర్ల జాయింట్ల దగ్గర సన్నటి బురద, ఆకుపచ్చ తుప్పు ఉన్నాయేమో కూడా చూడాలి. బేరం ఎంతకి కుదిరినా ఓ పదిహేను వేలు పక్కన పెట్టుకో, టైర్లకి, చైన్ సెట్టుకి, బ్రేకు ప్యాడ్లకి.

సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, నీకు రెండు కాళ్ళూ పూర్తిగా ఆనవు, దానికి బెంగ పెట్టుకోకు, ఒక కాలు ఆనితే చాలు, కానీ పల్లంలో ఆపడం, యూటర్న్ తిప్పడం నెల రోజులు ఊళ్ళోనే సాధన చెయ్యి. ఆ హ్యాండిల్‌కి మొదట్లో మణికట్లు నొప్పెడతాయి, బరువు చేతుల మీద వెయ్యకుండా తొడలతో ట్యాంకు పట్టుకో. చున్నీ వేసుకుని ఆ బండి ఎక్కకు, చైన్ బయటికే ఉంటాది. హెల్మెట్ ఐఎస్ఐది, ముఖమంతా కప్పేది, అది నేను కొనిపెడతాను, డబ్బులిస్తానని వాదించకు.

పైడిభీమవరం డ్యూటీకి మాత్రం రాత్రి షిఫ్టుకి బండి వద్దు, కంపెనీ బస్సు ఎక్కు. నాతవలస దగ్గర హైవే ఎక్కాక పూసపాటిరేగ దాకా లారీలు లైట్లు లేకుండా పక్కన ఆపీసి ఉంటాయి, రాంగ్ రూటులో ఆటోలొస్తాయి, నేను బస్సు రిపేరుకి అర్ధరాత్రి వెళ్ళి అక్కడ చూసినవి నీకు చెప్పను. పగటి షిఫ్టుకి వెళ్ళు, నీకు నచ్చినట్టు వెళ్ళు, నాకు సంతోషమే. ఇప్పటికీ పల్లెల్లో కోతల టైములో రోడ్డు మీద ధాన్యం పరుస్తున్నారు, అది కనబడిందంటే ముందే స్పీడు తగ్గించి, దాని మీదకి ఎక్కాక మాత్రం ముందు బ్రేకు ముట్టుకోకు, హ్యాండిల్ తిప్పకు, అలా దాటిపో.

ఇంకొక్కటి, దీనికి మాత్రం మాటివ్వాలి. మీ అమ్మని ఆ బండి వెనక ఎక్కించకు. వెనక సీటు ఎత్తు, కాళ్ళు బాగా మడిచి పెట్టాలి, ఆ మోకాలు అంత మడవదు. అది సరదాపడి ఎక్కుతానంటాది, నీ మీద ప్రేమకొద్దీ, ఇదివరకు నా మీద ప్రేమకొద్దీ ఎక్కినట్టే. గుడికి తీసుకెళ్ళాలంటే స్కూటీ ఉంచుకో, అమ్మీకు.

మచ్చ సంగతి నేను చెప్పానని అమ్మకి చెప్పినా ఫర్వాలేదు. ఇన్నేళ్ళు అది నా తప్పు దాచింది, ఇక దాచక్కర్లేదు.

ఆదివారం నాకు సెలవు. ఆరున్నరకల్లా కాంప్లెక్సులో బస్సు దిగుతాను, దారం, చాకు, టార్చి సంచిలో పెట్టుకున్నాను. నువ్వు ఈరోజే ఆ కుర్రాడికి ఫోన్ చేసి, ఆదివారం మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు.

మీ పెద్ద మావయ్య