అమ్ములూ, ముందు థర్మామీటర్ పక్కన పెట్టు

అమ్ములూ,

రాత్రి రెండింటికి నువ్వు ఫోన్ చేసి "పిన్నీ, బుజ్జిగాడికి 102 ఉంది, ఏం చెయ్యను" అని ఏడుస్తుంటే నిద్రమత్తులో ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. ఇద్దరు పిల్లల్ని, ముగ్గురు మనవల్ని పెంచినదాన్నే గానీ డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదువు.

పావుగంట సేపు ఆ 102 గురించే చెప్పావు. వాడేం చేస్తున్నాడో ఒక్క ముక్క చెప్పలేదు, నాకు కావాల్సింది అదే. 103 ఉన్నా మందు పడ్డాక లేచి బొమ్మ లాక్కుంటూ, పాలు తాగుతూ, ఎప్పటిలా ఉచ్చ పోస్తున్నాడంటే తెల్లారేదాకా ఆగొచ్చు. 100 దగ్గరే ఉన్నా పిలిస్తే పలక్కుండా మెడ వాల్చేసి, పక్కటెముకలు లోపలికి పోయేలా ఊపిరి తీస్తున్నాడంటే ఇక ఎవరికీ ఫోన్ చెయ్యకు, ఆసుపత్రికి బయల్దేరు.

అసలు 100.4 దాటితేనే జ్వరం అంటారు. చంకలో పెడితే లోపలి వేడి కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది, కాబట్టి పాయింట్ల లెక్క మరీ పట్టించుకోకు. పిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌వే, రెండు మూడు రోజులు ఆడించి వాటంతటవే పోతాయి. పారాసిటమాల్ ఆ వైరస్‌ని ఏమీ చెయ్యదు, ఒళ్లు నొప్పులు తగ్గి పిల్లాడు నాలుగు గుక్కలు తాగేలా చేస్తుంది, అంతే. 98.6కి దిగలేదని గంటకే ఇంకో డోసు పోసెయ్యకు.

డోసు దగ్గరే అసలు ప్రమాదం. వయసు కాదు, బరువు చూడాలి. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక డోసు, మళ్లీ వెయ్యాలంటే ఆరు గంటలు ఆగు, రోజు మొత్తం మీద నాలుగుసార్లు మించొద్దు. మనవాడు 10 కిలోలనుకో, డోసుకి 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు సీసా తిప్పి చూడు. 5 మి.లీ.లో 120 అని ఉంటే సుమారు 6 మి.లీ., 250 అని ఉంటే 3 మి.లీ. మాత్రమే. డ్రాప్స్ సీసా అయితే ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, అంటే ఒకటిన్నర మి.లీ. చాలు. మా కోడలు ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు సెల్ లైటులో డ్రాప్స్ తీసి సిరప్ లెక్కన 6 మి.లీ. మూతలో పోసింది, నాలుగింతలు! నోటి దాకా వెళ్లాక మావాడు చూసి ఆపాడు. లివర్‌తో ఆటలు కాదమ్మా. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక్క సీసానే ఉంటుంది, దాని మీద మార్కర్‌తో మి.లీ. రాసి ఉంటుంది. వంటింటి చెంచాతో కొలవకు. వేసిన టైము కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, లేకపోతే నువ్వోసారి మీ ఆయనోసారి వేసేస్తారు.

మీ అత్తగారు దుప్పటి కప్పి చెమట పట్టించమంటున్నారు కదా, ఆవిడతో గొడవ పడకుండానే పల్చటి కాటన్ చొక్కా వేసి ఫ్యాన్ పెట్టు. తుడవాలంటే గోరువెచ్చటి నీళ్లతో తుడువు. ఐసు నీళ్లు, స్పిరిట్ అసలొద్దు. వణుకుతుంటే తుడవడం ఆపెయ్యి.

లంఖణం పరమౌషధం అన్నది మనలాంటివాళ్లకేమో గానీ పసివాళ్లకి కాదు. నీ పాలు ఆపకు, గంజి, మెత్తటి పప్పన్నం, కొబ్బరినీళ్లు ఏది తాగితే అది కొంచెం కొంచెంగా ఇవ్వు. తినకపోయినా కంగారు పడకు, తాగకపోతే పడు. ఎనిమిది గంటలపాటు డైపర్ తడవలేదంటే ఆసుపత్రికే.

మీ అన్నయ్యకి ఏడాదిన్నరప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేశాడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. పక్కింటావిడ చేతిలో తాళాలు పెట్టింది, ఇంకొకాయన పళ్ల మధ్య చెంచా దూర్చబోయి చిగురు చీల్చాడు, రక్తం. రెండు నిమిషాల్లో ఫిట్స్ వాటంతటవే ఆగాయి, చెంచా గాయం మాత్రం వారం ఉంది. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి ఇలా వస్తుంది, చాలామందికి ఏ నష్టమూ ఉండదు. పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే 108కి కొట్టు. ఆగిపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించు.

ఇంకోటి, ఇది వానాకాలం. డెంగీలో జ్వరం దిగాకే అసలు ముప్పు ఉంటుంది. మూడో రోజు తర్వాత ఒళ్లు చల్లబడిందని నువ్వు ఊపిరి పీల్చుకునే టైముకే కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లటి చేతులు, మగత, చిగుళ్లలో రక్తం కనిపిస్తే ఆ క్షణమే వెళ్లు. అందుకే జ్వరం దేనివల్లో తెలియకుండా ఐబుప్రోఫెన్ ఇవ్వకు. ఆస్పిరిన్ పిల్లలకి ఎప్పుడూ వద్దు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా ఈరోజే పారెయ్యి.

మూడు రోజులు దాటినా తగ్గకపోతే ఎంత హుషారుగా ఉన్నా చూపించు. మీ ఆడపడుచు పాపకి ఇంకా రెండు నెలలే కదా, మూడు నెలల లోపు పిల్లలకి 100.4 వస్తే ఇంట్లో మందు వేసి చూద్దాం అనే మాటే వద్దు, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తనకీ చెప్పు.

వాడు లేచాక వీడియో కాల్ చెయ్యి. థర్మామీటర్ చూపించకు, వాడి మొహం చూపించు.

మీ పిన్ని