కొత్త బ్యాటరీల కంటే ముందు వరద నెలల డబ్బు

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక. ఎకరంన్నర పొలంలోనే ఇల్లు, కరెంటు లైను లేదు. నాలుగేళ్ల కిందట కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు, నాలుగు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు పెట్టించాం. ఇప్పుడవి రాత్రి తొమ్మిదికే ఆగిపోతున్నాయి. మళ్లీ అవే కొంటే ఒక్కొక్కటి 15,000 అంటున్నారు. డీలరు మాత్రం పెద్ద లిథియం బ్యాటరీ, కొత్త ఇన్వర్టర్, ఫ్రిజ్ కలిపి 2.5 లక్షలు చెప్పాడు. తెలిసినవారు ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. రెండు గేదెల పాలు, కూరగాయలు, కొబ్బరి మీద నెలకు సగటున 22,000 వస్తుంది, ఖర్చు 15,000. బ్యాంకులో 18,000 ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ తప్పు లంకల్లోనే కాదు, సోలార్ పెట్టుకున్న చాలా ఇళ్లలో జరుగుతోంది కాబట్టే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. కరెంటు బిల్లు లేదన్న సంతోషంలో బ్యాటరీకి వయసుంటుందన్న సంగతి మరిచిపోతారు. నాలుగింటికి 60,000 అంటే నాలుగేళ్లలో నెలకు 1,250. నెలనెలా రాని ఆ బిల్లు ఇప్పుడు మొత్తంగా మీ గుమ్మంలోకి వచ్చింది. ఆ 1,250 మొదటి నెల నుంచి పక్కన పెట్టి ఉంటే ప్రోనోటు మాటే వచ్చేది కాదు.

రెండు రూపాయల వడ్డీ చెవికి చిన్నగానే వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతం అది. 2.5 లక్షలకు నెలకు 5,000. మీకు మిగిలేదే 7,000. అసలులో రూపాయి తగ్గకుండా ఏడాదికి 60,000, అంటే నాలుగు కొత్త ట్యూబులర్ బ్యాటరీల ధర, వడ్డీగా పోతుంది. ఈ లెక్క వేయకుండా సంతకానికి సిద్ధమయ్యేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది, క్షమించండి.

ఇక అసలు విషయం. మీ 22,000 అనేది సగటు. జూలై, ఆగస్టుల్లో అది ఎంతవుతుందో రాయలేదు. గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేసరికే కొన్ని కాజ్‌వేలు మునిగి ఉంటాయి. 2022 జూలైలో మూడో హెచ్చరిక స్థాయి 17.75 అడుగులు కూడా దాటింది. అలాంటి రోజుల్లో పాల క్యాను గట్టు దాటదు, గడ్డి మునుగుతుంది, ఎండుగడ్డి కొనాలి, పడవకు డబ్బివ్వాలి. వంగ, దొండ కుళ్లిపోతాయి. ప్రోనోటు వడ్డీ మాత్రం ఆగదు. ఉద్యోగికి ఆరు నెలల అత్యవసర నిధి ఉండాలని చెబుతుంటాను. మీకైతే అది ఇంకా గట్టిగా చెప్పాలి. 15,000 చొప్పున 90,000. చేతిలో ఉన్న 18,000 నెలన్నరకు కూడా చాలదు.

బ్యాటరీ కోసం 1,250 తీసేస్తే నెలకు 5,750 మిగులుతుంది. తక్కువైన 72,000 పోగవడానికి ఏడాది పైచిలుకు పడుతుంది. పట్టనివ్వండి. వచ్చే వరదలకు కనీసం రెండు నెలల ఖర్చయినా సిద్ధంగా ఉండాలి. ఈ డబ్బు పాల డబ్బు పడే ఖాతాలో ఉంచితే కరిగిపోతుంది, వేరే బ్యాంకులో పొదుపు ఖాతా తెరవండి. అయిదారు వేలు మాత్రం నోట్లుగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంట్లోనే పెట్టండి. వరదలో ఫోను సిగ్నల్ పోతే పడవవాడికి ఫోన్‌పే చేయలేరు.

అప్పటిదాకా చీకట్లో ఉండమనడం లేదు. కిలోవాట్ ప్యానెళ్లు మంచి ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, ముసురు రోజుల్లో బాగా తక్కువ. అంతకంటే పెద్ద బ్యాటరీ కొన్నా దాన్ని నింపడానికి ఎండ చాలదు. డీలరు ఆ మాట మీకు చెప్పినట్టు లేదు. వచ్చే కొబ్బరి దింపు డబ్బుతో రెండు ట్యూబులర్లు కొనండి, పాతవాటికి సీసం ధర కట్టించుకోండి. పాతవాటిలో ఒకటో రెండో బాగున్నాయని కొత్తవాటితో కలపకండి, వాటి రోగం వీటికీ అంటుతుంది. ఈ రెండు బ్యాటరీల సామర్థ్యంలో సగమే వాడుకున్నా రాత్రికి 1.8 యూనిట్లు దొరుకుతాయి. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే అందులో 1.5 యూనిట్లు అవే మింగేస్తాయి. వాటి స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేస్తే 0.6తో సరిపోతుంది, దీపాలకూ ఫోన్లకూ మిగులుతుంది. నీళ్ల మోటారు మధ్యాహ్నం ఎండలోనే నడపండి.

మీరు పంపిన ఫొటోలో బ్యాటరీల మూతల చుట్టూ తెల్లటి పొర, పక్కనే బోరు నీళ్ల చెంబు కనిపించాయి. సముద్రానికి దగ్గరి బోరు నీళ్లలో ఉప్పుంటుంది. ఆ నీళ్లు పోస్తున్నట్టయితే వాటి ఆయుష్షు మీ చేతులతోనే తగ్గించారు. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. అవి నేల మీద ఉన్నాయి కూడా. ఒక్కొక్కటి 50 కిలోల పైమాటే, నీళ్లు వచ్చిన రాత్రి ఎత్తలేరు. వరద గుర్తు కంటే ఎత్తుగా ఇటుకలతో ఇప్పుడే అరుగు కట్టించండి.

మిగతావి క్లుప్తంగా. ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ కరెంటు లైనుకు (గ్రిడ్‌కు) కలిసిన ఇళ్లకే, మీకు రాదు. పొలానికి సోలార్ పంపు కావాలంటే పీఎం కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించే ఏర్పాటు ఉండేది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో వ్యవసాయ కార్యాలయంలో కనుక్కోండి. కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే గడువులోగా కట్టి నాలుగు శాతం వడ్డీని నిలబెట్టుకోండి, ఆ డబ్బును బ్యాటరీలకు మళ్లించకండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా మీ ఇద్దరికీ ఉండాలి. గేదెల బీమా సంగతి పశువైద్యుడిని అడగండి.

నిధి 90,000 దాటాక ఫ్రిజ్ గురించి మళ్లీ రాయండి. ప్రోనోటు మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి. డీలరుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ వారమే వెళ్లి వెనక్కి అడగండి. కొంత కోత పెడతానన్నా ఒప్పుకుని తెచ్చుకోండి.